బుడుంగుకి కుర్చీ వేయాలా?

ప్రశ్న: మా పాపకి అయిదేళ్ళు. ఒక్కతే సంతానం. దాదాపు ఏడాదిగా దానికి ‘బుడుంగు’ అనే స్నేహితుడు ఉన్నాడు. మాకెవరికీ కనిపించడు. భోజనానికి కూర్చుంటే పక్కన వాడికి కుర్చీ వేయాలి, లేకపోతే ఏడుపు. ఇంట్లో తెల్ల బండల మీదే నడుస్తుంది, నల్లవి నీళ్ళట. 7 కోపిష్టిదట, 4 మంచిదట. రాళ్ళు ఏరుకొచ్చి, దుప్పటి కప్పి పడుకోబెడుతుంది. ఒంటరిగా ఉన్నప్పుడు గొంతు మార్చి మార్చి మాట్లాడుకుంటుంది. మొన్న స్కూల్లో మా ఇంట్లో ఏనుగు ఉందనీ, అది బాత్రూంలో నిద్రపోతుందనీ చెప్పిందట. టీచర్ నవ్వుతూనే చెప్పారు గానీ నాకు తల కొట్టేసినట్టయింది. అబద్ధాలు అలవాటవుతున్నాయి, ఇప్పుడే ఆపాలని మా వారు అంటారు. తనలో తను మాట్లాడుకోవడం చూసి డాక్టరుకి చూపించమని మా అత్తగారు. మా చెల్లెలేమో ఇది టాలెంట్, వీడియోలు తీసి పెట్టు అంటుంది. నేను కొన్ని తీశాను కూడా. ఎవరి మాట వినాలో తెలియడం లేదు. (పేరు రాయవద్దు)

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి మీ టెన్షన్ ఏమిటో తెలుసుకోవడానికి, రెండోసారి కేవలం ఆ ఏనుగు కోసం. పాప అదేదో నోటికొచ్చినట్టు అన్న మాట కాదు. ఏనుగుకి నీళ్ళు కావాలి, ఇంట్లో నీళ్ళుండే గది అది. ఆలోచించే చెప్పింది.

ముందు మీ వారి భయం సంగతి చూద్దాం. ఎందుకంటే ఇలాంటి విషయాల్లో ఇంట్లో గద్దింపులు మొదలయ్యేది అక్కడి నుంచే. అబద్ధానికి ఎప్పుడూ ఒక పని ఉంటుంది. తిట్లు తప్పించుకోవాలి, లేదా ఇంకో పది నిమిషాలు టీవీ చూడాలి. ఆ ఏనుగు వల్ల మీ పాపకి ఒరిగిందేమిటి? ఏమీ లేదు. నేను గమనించిన తేడా ఇంకొకటి ఉంది. అబద్ధమాడిన పిల్లని నాలుగు ప్రశ్నలు అడగండి, మాట తగ్గిపోతుంది, కళ్ళు దించుకుంటుంది. కథ అల్లుతున్న పిల్లని అవే నాలుగు ప్రశ్నలు అడగండి, మొహం వెలిగిపోతుంది. ఏనుగుకి పేరు వస్తుంది, చెల్లెలు వస్తుంది, దానికి జలుబు చేసిన వైనం వస్తుంది. అబద్ధం ప్రశ్నలకి భయపడుతుంది, కథ వాటి కోసమే ఎదురుచూస్తుంది. మీ వారిని ఒక్కసారి పాప దగ్గర కూర్చుని ఏనుగు గురించి అడగమనండి. మందలించే గొంతుతో కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు.

అయితే రెండూ కలిసిపోయే రోజూ వస్తుంది. గ్లాసు పగిలి ఉంటుంది. ఎవరు పగలగొట్టారంటే “బుడుంగు” అంటుంది. అప్పుడు బుడుంగు ఉన్నాడా లేడా అని కోర్టు పెట్టకండి. “సరే, పెంకులు నేను తీస్తాను. నువ్వూ వాడూ కలిసి ఆ నీళ్ళు తుడవండి” అనండి. తుడిచేది ఎలాగూ పాపే. తప్పు ఒప్పుకోమని పట్టుబట్టకుండానే బాధ్యత దాని చేతికి వచ్చేస్తుంది. ‘నువ్వు అబద్ధాలకోరువి’ అని అయిదేళ్ళ పిల్లకి పేరు పెట్టడం మాత్రం వద్దు. ఆ వయసులో పెద్దవాళ్ళు పెట్టిన పేరుని పిల్లలు తమ స్వభావం అనుకుంటారు.

ఇక బుడుంగు. ఇలాంటి స్నేహితుల గురించి ఎక్కువ కాలం పరిశోధించినవారిలో అమెరికాలోని ఒరెగాన్ విశ్వవిద్యాలయ మనస్తత్వ శాస్త్రవేత్త మార్జొరీ టేలర్ ఒకరు. ఆమె, సహచరులు కలిసి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడేళ్ళ వయసు వచ్చేలోగా ఏదో ఒక దశలో ఊహా నేస్తం ఉన్న పిల్లలు 65 శాతం అని తేలింది. కనిపించని నేస్తాలతో పాటు, ప్రాణమున్నట్టు చూసుకునే బొమ్మల్ని కూడా ఆ లెక్కలో కలిపారు. పరిశీలించింది వందమంది పిల్లల్నే కాబట్టి ఆ అంకెని శిలాశాసనం అనుకోనక్కర్లేదు. కానీ మీ ఇంట్లో జరుగుతున్నది వింత కాదనడానికి అది చాలు. మీరు ఒక్కతే సంతానం అని రాశారు. ఒంటరి సంతానంలో, తొలిచూలు పిల్లల్లో ఇది కాస్త ఎక్కువ కనిపిస్తుంది. ఆడుకునే మనిషి లేక సృష్టించుకుంది అని జాలిపడకండి, అందులో సగమే నిజం. ఖాళీ సమయం ఉంది, ఆ సమయంలో పక్కన మాట్లాడి చెడగొట్టేవాళ్ళు లేరు, అదీ కారణమే. ఇలాంటి పిల్లలు నలుగురిలో కలవలేని పిరికివాళ్ళు అనే అభిప్రాయం కూడా పరిశోధనల్లో నిలబడలేదు.

టేలర్ పరిశీలనల్లో నాకు బాగా నచ్చిందొకటి చెప్తాను. పరిశోధకులు ఎంతో సీరియస్‌గా ఆ కనిపించని నేస్తం గురించి ప్రశ్నలు అడుగుతూ నోట్సు రాసుకుంటూ ఉంటే, మధ్యలో పిల్లలే ఆగి, ఇది ఉత్తుత్తిదేనండీ అని గుర్తుచేసేవారట. పాపం, ఈ పెద్దాయన నిజమనుకుంటున్నాడేమో అని వాళ్ళ బెంగ! పాపకి బుడుంగు లేడని తెలుసు. మీకు తెలిసినంత బాగానూ తెలుసు.

మరి తెలిసీ కుర్చీ వేయలేదని ఏడుపెందుకు? సినిమా అబద్ధమని తెలిసీ మీరు కళ్ళు తుడుచుకోరా? దీనిమీద 1991లో మనస్తత్వవేత్త పాల్ హ్యారిస్ బృందం చేసిన ప్రయోగం ఒకటుంది. నాలుగు నుంచి ఆరేళ్ళ పిల్లలకి ఖాళీ పెట్టెలు చూపించి, ఒకదాంట్లో కుందేలో, భయపెట్టే రాక్షసి లాంటిదో ఉందని ఊహించుకోమన్నారు. నిజంగా ఉందా అని అడిగితే ఏమీ లేదన్నారు. తర్వాత పిల్లల్ని ఆ గదిలో కాసేపు వదిలేస్తే, చాలామంది పెట్టె దగ్గరికి వెళ్ళి తాకి చూశారు, తెరిచి చూశారు. లేదని తెలుసు. అయినా ‘ఒకవేళ ఉంటే?’ అన్న అనుమానం. చీకట్లో వంటింటికి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చేటప్పుడు మన కాళ్ళు కాస్త వేగం పెంచవూ, అదే. కాబట్టి రాత్రి పాప మంచం కింద ఎవరో ఉన్నారంటే ‘ఎవరూ లేరు, పడుకో’ అన్న ఒక్క మాట సరిపోదు. లేరని దానికీ తెలుసు, భయం మాత్రం నిజం. అలాగని టార్చి పట్టుకుని భూతాన్ని వెళ్ళగొట్టే తతంగమూ నాకు నచ్చదు. అమ్మే వెతుకుతోందంటే ఉండే ఉంటుందని పిల్ల లెక్క వేసుకుంటుంది. పక్కన కూర్చుని చేయి పట్టుకుని, చిన్న దీపం ఉంచాలో వద్దో దాన్నే చెప్పమనండి.

కుర్చీ మాటకొస్తే, నా సలహా ఇది. బుడుంగుకి చోటివ్వండి, పెత్తనం ఇవ్వకండి. ఇంట్లో ఖాళీ కుర్చీ ఉంటే వాడు కూర్చుంటే మీకేం పోయింది? చుట్టాలొచ్చి కుర్చీలు చాలని రోజున, “ఇవాళ కుర్చీలు మనుషులకే సరిపోలేదు, బుడుంగు ఎక్కడ కూర్చుంటాడో నువ్వే చూడు” అనండి. కాసేపు గింజుకుని, వాడు కిటికీలో కూర్చుంటాడంటుంది, లేదా నా ఒళ్ళో కూర్చుంటాడంటుంది. పరిష్కారం మీరు చెప్తే ఏడుపు, తను కనిపెడితే ఆట. స్నానం, నిద్ర, స్కూలు, రోడ్డు దాటేటప్పుడు అమ్మ చేయి పట్టుకోవడం, వీటిలో బుడుంగుకి ఓటు లేదు. ‘బుడుంగు స్కూలు వద్దంటున్నాడు’ అని ఏదో ఒక పొద్దున వినబోతున్నారు. “వాడు ఇంట్లో ఉండాలంటే ఉండమను, నువ్వు బయల్దేరు” అని జడ వేయడం మొదలుపెట్టండి. కానీ ఆ మాట మాత్రం చెవిన వేసుకోండి. పిల్లలు సొంతంగా చెప్పుకోలేనిది ఇలాంటివాళ్ళ నోట పలికిస్తారు. సాయంత్రం తీరిగ్గా, “బుడుంగుకి స్కూల్లో ఏం నచ్చట్లేదట?” అని అడిగితే, నేరుగా అడిగితే రాని జవాబు వస్తుంది.

ఇంకో జాగ్రత్త. మీ అంతట మీరు బుడుంగు తరఫున మాట్లాడకండి. “బుడుంగు అన్నం తినేశాడు, నువ్వూ తిను” అన్నది ఒకసారి పనిచేస్తుంది, రెండోసారి పాప మిమ్మల్ని అదోలా చూస్తుంది. వాడు ఏం తిన్నాడో చెప్పాల్సింది మీరు కాదు. ఆ ఆట ఆవిడది, పిలిస్తే వెళ్ళే అతిథులు మీరు. అసలు విచిత్రం ఏమిటంటే వాళ్ళ మాటే వినని నేస్తాలు చాలామంది పిల్లలకి ఉంటారు. పిలిస్తే రారు, చెప్పకుండా వెళ్ళిపోతారు, పోట్లాడతారు. తన మాట వినని మనిషితో ఎలా నెగ్గుకురావాలో పాప సాధన చేస్తోందన్నమాట. ఇంట్లో తన మాట విననివాళ్ళు ఇద్దరు పెద్దవాళ్ళు ఎలాగూ ఉన్నారు.

మీ అత్తగారి అనుమానం కూడా కొట్టిపారేయదగ్గది కాదు, పెద్దవాళ్ళు తమలో తాము మాట్లాడుకుంటే మనం కంగారుపడతాం కదా. కానీ అయిదేళ్ళకి అది సహజం. స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జాఁ పియాజే 1923లోనే పిల్లల స్వగతం గురించి రాశాడు. అది ఎదుటివాళ్ళ దృష్టితో చూడటం ఇంకా చేతకాని పసితనపు మాట అనీ, పెరిగేకొద్దీ పోతుందనీ ఆయన భావన. రష్యాకి చెందిన వీగోత్స్కీ ఒప్పుకోలేదు. పిల్లలు బొమ్మ గీస్తున్నప్పుడు కావలసిన పెన్సిలో కాగితమో దొరక్కుండా చేసి చూశాడు. పని కష్టమయ్యేసరికి ఆ స్వగతం దాదాపు రెట్టింపయింది. అంటే అది పనికిరాని వాగుడు కాదు, ఆలోచనే. మనం లోలోపల చేసే పనిని పిల్లలు పైకి చేస్తున్నారు. కొన్నేళ్ళకి ఆ గొంతు లోపలికి వెళ్ళిపోతుంది, మనలో మనం అనుకునే మాటగా మిగిలిపోతుంది. మీ అత్తగారు తాళాలు వెతుక్కునేటప్పుడు ఏం చేస్తారో ఒకసారి చెవి ఒగ్గి వినండి. (ఈ వాక్యం ఆవిడకి చదివి వినిపించకండి.)

గొంతు మార్చి మాట్లాడటం ఇంకాస్త పై మెట్టు. ఒక గొంతు అడగాలి, ఇంకో గొంతుకి తెలియనట్టు ఉండాలి, రెంటినీ నడిపేది ఒక్క బుర్ర. అక్కడ కూర్చుని కాసేపు వింటే మీకు మీ గొంతు కూడా వినిపించవచ్చు, ముఖ్యంగా విసుక్కునే గొంతు. మా అబ్బాయి చిన్నప్పుడు బొమ్మ ఎలుగుబంటిని “ఎన్నిసార్లు చెప్పాలి నీకు!” అని గదమాయిస్తుంటే పక్క గదిలో నేను తలవంచుకున్నాను.

రాళ్ళకి దుప్పటి కప్పడం గురించి నాకు చెప్పాల్సిందేమీ లేదు. కప్పనివ్వండి. మంచి దుప్పటి కాకుండా చూసుకోండి, అంతే. అంకెల స్వభావాల సంగతి మాత్రం ఆసక్తికరం. అది చాలామంది పిల్లల్లో కొన్నాళ్ళ ఆట. కొద్దిమందికి జీవితాంతం నిలిచే అనుభవం. కొందరికి ప్రతి అక్షరానికీ ఒక రంగు ఉంటుంది, కొందరికి అంకెలకి మనుషుల్లా గుణాలుంటాయి. దీన్ని జబ్బుగా ఎవరూ లెక్కించరు. 1965లో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న రిచర్డ్ ఫైన్‌మన్ సమీకరణాల్లోని అక్షరాలు తనకి రంగుల్లో కనిపిస్తాయని చెప్పుకున్నాడు. 7 ఎందుకు కోపిష్టిదో పాపని అడిగారా? ‘అంకెలకి కోపాలేంటి’ అనకండి చాలు. రేపు 7 ఎక్కం నేర్చుకునేటప్పుడు ఆ కోపం పనికి రావచ్చు.

మీ చెల్లెలి సలహా దగ్గర నేను కాస్త గట్టిగా మాట్లాడాలి. మీ ఇంట్లోని ముగ్గురి సలహాల్లోనూ నాకు భయం కలిగించింది అదే. మీ వారు మందలిస్తే పాప ఆటని దాచుకుంటుంది, ఆట బతుకుతుంది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన నవ్వి పంపించేస్తారు, ఆట బతుకుతుంది. వీడియో తీసి, పదిమంది చప్పట్లు కొట్టి, “ఏదీ, బుడుంగు గురించి ఆంటీకి చెప్పు” అని వచ్చినవాళ్ళందరి ముందూ నిలబెడితే ఆట బతకదు. అది ప్రదర్శన అయిపోతుంది.

1973లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే పరిశోధకులు స్కెచ్ పెన్నులతో బొమ్మలు గీయడమంటే ప్రాణమైన మూడు నుంచి అయిదేళ్ళ పిల్లల్ని తీసుకున్నారు. కొందరికి ముందే చెప్పారు, గీస్తే బంగారు నక్షత్రం అతికించిన సర్టిఫికెట్ ఇస్తామని. కొందరికి చెప్పకుండా తర్వాత ఇచ్చారు. కొందరికి అసలేమీ లేదు. ఒకటి రెండు వారాల తర్వాత, ఏ బహుమతీ లేని మామూలు ఆట సమయంలో ఎవరు ఎంతసేపు గీస్తున్నారో చాటుగా చూశారు. బహుమతి కోసమని గీసిన పిల్లలు మిగతావాళ్ళతో పోలిస్తే సుమారు సగం సమయమే గీశారు. చెప్పకుండా ఇచ్చిన బహుమతి ఏ హానీ చేయలేదు. అంటే మెచ్చుకోవడం తప్పు కాదు, మెచ్చుకోలు కోసం ఆడేలా చేయడమే తప్పు. ఫోన్ కెమెరా పైకి లేచిన ప్రతిసారీ మీరు పాపకి ఆ సర్టిఫికెట్ ఆశ చూపిస్తున్నట్టే. పైగా పెద్దయ్యాక ఆ వీడియోలు చూసి ఏమనుకుంటుందో ఇప్పుడు అడగలేం కదా. తీసినవి ఇంట్లో ఉంచుకోండి, బయట పెట్టినవి తీసేయండి. అంతగా దాచుకోవాలనిపిస్తే ఒక నోటు పుస్తకం పెట్టండి. తేదీ వేసి పాప అన్న మాట అన్నట్టే రాయండి. పాప నిద్రపోయాక రాయండి.

ఇంగ్లాండులోని బ్రాంటీ తోబుట్టువుల కథ మీ చెల్లెలికి చెప్పండి. 1826 జూన్‌లో వాళ్ళ నాన్న కొడుకు కోసం ఒక పెట్టెడు కొయ్య సైనికుల బొమ్మలు తెచ్చాడు. పదేళ్ళ షార్లెట్, ఎనిమిదేళ్ళ బ్రాన్వెల్, ఏడేళ్ళ ఎమిలీ, ఆరేళ్ళ యాన్ ఆ సైనికులకి పేర్లు పెట్టి, వాళ్ళకో నగరం కట్టి, ఆ పైన రాజ్యాలు కట్టి ఏళ్ళ తరబడి ఆడారు. ఆ సైనికులు చదవడానికి వీలుగా అరచేతిలో ఇమిడిపోయే పుస్తకాలు తయారుచేశారు. అందులో అక్షరాలు ఎంత చిన్నవంటే పెద్దవాళ్ళు కళ్ళు చికిలించినా చదవడం కష్టం. తర్వాత ముగ్గురు అక్కచెల్లెళ్ళూ నవలా రచయిత్రులయ్యారు. మీ పాప రచయిత్రి అవుతుందని నేననడం లేదు. బుడుంగులున్న పిల్లల్లో చాలామంది మామూలు ఉద్యోగాలు చేసుకుంటూ హాయిగా ఉంటారు. నేను చూపించాలనుకున్నది ఆ చిన్న అక్షరాల్ని. ఆ రాజ్యంలోకి పెద్దవాళ్ళెవరూ దూరలేదు.

మరి డాక్టరు ఎప్పుడు? నల్ల బండల ఆటతోనే మొదలుపెడదాం. ఏదో ఒక రోజు, తొందరలో ఉన్నప్పుడు, “ఇదిగో వంతెన వేశాను, దాటు” అని చూడండి. పాప దాటిందంటే, లేదా ‘వంతెన విరిగిపోయింది, పడవ కావాలి’ అని బేరమాడిందంటే అది ఆటే. అలా కాక, నల్ల బండ మీద కాలు పడితే వణికిపోయి, మళ్ళీ మొదటి నుంచి నడవాల్సిందేనని ఏడ్చి, ఆ నియమాలు రోజురోజుకీ పెరిగి రోజులో చాలా సమయం తినేస్తుంటే పిల్లల డాక్టరుతో మాట్లాడండి. ఆటకి సాగే గుణం ఉంటుంది, బలవంతానికి ఉండదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడం, ఎప్పుడూ ఒకే ఆటని ఒక్క మార్పూ లేకుండా ఆడటం, తోటి పిల్లల మీద అసలు ఆసక్తి లేకపోవడం, వచ్చిన మాటలు తగ్గిపోవడం, ఇవి కనిపించినా అంతే. బుడుంగు తననో ఇతరులనో కొట్టమంటున్నాడని, ఆపమన్నా ఆపడం లేదని పాప భయంతో చెప్తే ఆలస్యం చేయకండి.

ఇంకొకటి చాలామంది పొరపాటు పడేది. పరధ్యానంలో ఉన్న పిల్ల భుజం తడితే ఉలిక్కిపడి చూస్తుంది. అలా కాకుండా, మాట్లాడుతూ మాట్లాడుతూ హఠాత్తుగా ఆగిపోయి, కొద్ది సెకన్లు చూపు నిలిచిపోయి, తాకినా పలక్కుండా, తర్వాత ఏమీ జరగనట్టు కొనసాగిస్తే, అది రోజులో పలుమార్లు జరిగితే, అది ఊహాలోకం కాకపోవచ్చు. మూర్ఛలో ఒక రకం అలాగే ఉంటుంది. దానికి మంచి మందులున్నాయి, చూపించాలి. మీ ఉత్తరంలో ఇలాంటిదేదీ నాకు కనిపించలేదు. మీ అత్తగారికి ఆ మాట చెప్పండి, ఆవిడకీ నిద్ర పడుతుంది.

టీచరుకి క్షమాపణలు చెప్పాలా అని మీరు అడగలేదు గానీ అడిగేలా ఉన్నారు. అక్కర్లేదు. “మా ఇంట్లో ఏనుగు లేదండీ, కానీ దాని గురించి రోజూ వింటున్నాం” అనండి, ఆవిడకి అర్థమవుతుంది.

బుడుంగు ఎప్పుడు వెళ్ళిపోతాడో చెప్పలేను. చాలామంది ఇళ్ళలో వాళ్ళు చెప్పి వెళ్ళరు. ఒక రోజు కుర్చీ వేయమని పాప అడగదు, మర్నాడూ అడగదు. వారం తర్వాత మీకే గుర్తొచ్చి “బుడుంగు ఏడే?” అంటే, “ఎవరు?” అనవచ్చు. లేదా వాడికి వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చిందనవచ్చు. అప్పుడు మీకు కాస్త దిగులేస్తుంది, సిద్ధంగా ఉండండి.

ఈలోగా నాకో చిన్న సాయం చేయండి. ఏనుగు బాత్రూంలో నిద్రపోతే మీరంతా స్నానాలు ఎక్కడ చేస్తున్నారట? పాపని కనుక్కుని రాయండి.